కాకి తన్నిన సారు

ఆయన పేరు నేను రాయను. పేరు అచ్చులో చూసుకోవడమంటే ఆయనకు ప్రాణం. పోయాక కూడా ఆ సుఖం నా చేతి మీదుగా దక్కడం నాకిష్టం లేదు.

పోయిన నెల హైదరాబాదు నుంచి ఎవరో ఫోన్ చేశారు. సారు పోయారట. సంస్మరణ సభ పెడుతున్నారట, సంచిక కూడా వేస్తున్నారట. కామారెడ్డిలో ఆయన చేసిన తొలి ప్రయోగాలకు నేనే సాక్షినట, రెండు పేజీలు రాయాలట. తొలి ప్రయోగాలు అన్న మాట వినగానే నాకు నవ్వొచ్చింది. ఫోన్లో ఉన్నాయన దాన్ని దగ్గు అనుకుని, ఆరోగ్యం జాగ్రత్త అన్నాడు.

రాద్దామని కూర్చున్నాను. ఆయన ఆరున్నర అడుగుల మనిషి, మా కాలేజీ గుమ్మంలో తల వంచుకుని లోపలికి వచ్చేవాడు, అని మొదలుపెట్టాను. అది అబద్ధం. నా భుజం దాకా వచ్చేవాడు, నేనేమంత పొడగరిని కాను. కానీ ఎదుటివాడు మెడ పైకెత్తి వినవలసిందే అన్నట్టు మాట్లాడేవాడు. అందుకని ఇప్పటికీ ఆయన గుర్తొస్తే నా చూపు పైకే పోతుంది.

ఆయనంటే ముందు కుడిచేతి చూపుడు వేలు. దాని వెనకాల మిగతా మనిషి. ఏ మాట చెప్పినా గాలిలో ఒక మీట ఉన్నట్టు ఆ వేలితో నొక్కేవాడు. "ఒక్క మీట నొక్కితే చాలండీ" అనేది ఆయన ఊతపదం. ఎల్లారెడ్డిలో నాట్లు వేసే ఆడవాళ్ల పాట ఢిల్లీలో వినిపించాలంటే ఒక్క మీట. గాంధారి తండాల్లో ముసలివాళ్లు చెప్పే కథ వందేళ్లు చెడకుండా ఉండాలంటే ఒక్క మీట. గాలి చాలకపోతే నా ఛాతీ మీదే నొక్కేవాడు, సరిగ్గా జేబులో పెన్ను ఉన్న చోట. ఆయన ఉన్నన్నాళ్లూ నా చొక్కాలన్నిటికీ గుండె దగ్గర ఇంకు మరకే. అన్నిటికీ కాదులెండి, ఒక్క చొక్కాకు.

ఇంకో గుర్తు ఫ్లాస్కు. ఎక్కడికి పోయినా కాచి చల్లార్చిన నీళ్లు అందులో వెంట ఉండవలసిందే. ఎవరి ఇంట్లోనూ గుక్కెడు నీళ్లు తాగేవాడు కాదు. కూర్చోమంటే జేబులోంచి రుమాలు తీసి కుర్చీ అయినా మంచమైనా ఇంటివాళ్ల ఎదుటే తుడిచి, ఆ రుమాలును మడత పెట్టి, వాసన చూసి, మళ్లీ జేబులో పెట్టుకునేవాడు. ఆ వాసన చూడడం దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తొంభైల మొదట్లో సంగతి. కామారెడ్డి కాలేజీలో నేను తెలుగు చెబుతుండేవాణ్ని. యూనివర్సిటీలో ఒక కొత్త విభాగం పుట్టింది. సాహిత్యానికీ కంప్యూటరుకీ పెళ్లి చేయడం దాని పని. జనం పాటలు, కథలు టేపులకెక్కించి, కంప్యూటరులో దించి, వాటిని చూసి జనమే కొత్తవి కట్టుకునేలా చేస్తారట. దానికి మా వైపు బాధ్యుడుగా ఈ మహానుభావుణ్ని పంపారు. స్థానికంగా సాయం చేయడానికి నన్ను ఇచ్చారు. ఇచ్చారనే అనాలి, ఫ్లాస్కుతో పాటు నేనూ ఆయన సామాన్లలో ఒకణ్ని.

కంప్యూటరు జీపులో బొంత కప్పుకుని వచ్చింది, జ్వరం వచ్చిన మనిషి లాగ. చూడడానికి సగం కామారెడ్డి వచ్చిందని ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. వచ్చింది ప్రిన్సిపాలు, అటెండరు, ఒక మేక. మేక కూడా నేను కలిపిందే. కానీ చెప్పులు విప్పి లోపలికి రావాలన్న బోర్డు మాత్రం నిజం. ఆయనే రాయించాడు. కంప్యూటరుకు దుమ్ము పడదట. మా ప్రిన్సిపాలు మేజోడు చిరుగు కాలేజీ అంతటికీ తెలిసింది ఆ బోర్డు పుణ్యాన్నే.

పాటలు టైపు కొట్టడానికి స్టేషన్ రోడ్డులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే ఖాదర్ భాయ్‌ని పెట్టుకున్నారు. సారు పద్ధతి ఏమిటంటే ప్రతి పాటకూ ఒక రసం కట్టాలి. తెర మీద తొమ్మిది రసాలకు తొమ్మిది గడులు గీయించాడు. ఏ పాట ఏ గడిలో పడుతుందో పాడినవాళ్లనే అడిగేవాడు, అది జనాన్ని గౌరవించడమట. కలుపు తీసే పాట పాడిన ఒకామెను "అమ్మా, ఇది వీరమా, అద్భుతమా?" అని అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించి, ఇది జొన్నచేన్లది అంది.

అందరూ గుండ్రంగా కూర్చోవాలి, ఎవరూ పైన కాదు, ఎవరూ కింద కాదు అని ఇంకో నియమం. కుర్చీలు గుండ్రంగా వేయించాడు. వచ్చిన ఆడవాళ్లు వాటిని చూసి, మధ్యలో నేల మీద కూర్చున్నారు. కుర్చీలో ఆయనొక్కడే మిగిలాడు. రుమాలుతో తుడిచిన కుర్చీ కదా, వదిలి దిగడం కష్టం.

గడులు నిండుతూ వచ్చాయి. బీభత్సం గడి ఎలా నిండుతుందా అనుకున్నాం గానీ, హాస్టలు పిల్లలు తమ సాంబారు మీద కట్టిన పాట దొరికింది. శృంగారంలో నా సొంత పాట ఒకటి ఎక్కించాను, డోంగ్లి వైపు దొరికిందని చెప్పి. ఆయన దాన్ని చాలా ప్రాచీనం అన్నాడు. నాకు అప్పుడు నలభై దాటింది కాబట్టి, మరీ తప్పు అనలేను.

ఒక్క కరుణ మాత్రం ఖాళీ. "కరుణ ఖానా ఖాళీనే ఉన్నది సార్" అని ఖాదర్ భాయ్ రోజూ గుర్తు చేసేవాడు. యూనివర్సిటీ నుంచి పెద్దలు వచ్చి చూసి, నచ్చితేనే పథకం కొనసాగిస్తారు. వాళ్లలో ముఖ్యమైనాయన చావు ఇళ్లలో ఆడవాళ్లు పెట్టే శోకాల మీద గ్రంథం రాసినవాడు. వచ్చీ రాగానే ఆ గడి తెరవమంటాడు. పథకం పోతే సారు ఉద్యోగమూ పోతుంది, ఆయనది ఏడాదికోసారి పొడిగించే కొలువు. ఆ మాట ఆయనే ఒకనాడు చెప్పాడు, వేలు నొక్కకుండా, ఫ్లాస్కు మూత తిప్పుతూ. "కరుణ లేకపోతే నన్ను ఇంటికి పంపించేస్తారండీ."

అయితే పదండి అని ఎల్లారెడ్డి తీసుకుపోయాను. అక్కడ రాజవ్వ ఉంది. నాకంటే కొంచెం పెద్ద. ఆమె శోకం పెడితే పీనుగ కూడా లేచి కళ్లు తుడుచుకుంటుందని మా వైపు అనేవాళ్లు. అనేవాళ్లు కాదు, నేనే అనేవాణ్ని. కానీ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు పోయినా ఆమె కోసం బండి వచ్చేది నిజం. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. బండి రాకపోతే కదిలేది కాదు. బతికుండగా పిసినారి అనిపించుకున్నవాడి ఇంట్లో నాలుగు ముక్కలు అని లేచి వచ్చేసేది.

సారు ఆమె మంచం తుడిచి కూర్చుని, టేపు రికార్డరు పక్కన పెట్టుకుని, ఇక పాడమన్నాడు.

"ఏం పాడాలె?"

"చావు పాటమ్మా. శోకం."

"ఎవరు సచ్చిండ్రు?"

ఎవరూ చావలేదని, ఊరికే నమూనాకు కావాలని, ఒక్క మీట నొక్కితే ఎల్లకాలం ఉంటుందని ఆయన వివరించాడు. ఆమె ఆయన వేలినే చూస్తూ విన్నది. పీనుగ లేకుండా శోకం పెడితే అది పీనుగను వెతుక్కుంటూ ఆ ఇంటికే వస్తుందని చెప్పింది. తన ఇంట్లో మనుమలున్నారు, పాడనంది. ఎవరన్నా పోయిన రోజు రమ్మంది. "గప్పుడైతే ఎంతసేపంటే అంతసేపు ఏడుస్త. నీ డబ్బ నిండుతది."

తిరిగి వస్తూ ఆయన మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా అడవి అంతా విన్నది. కానీ మర్నాటి నుంచి, చెప్పడానికి నాకే సిగ్గు, ఎల్లారెడ్డిలో ఎవరికైనా బాగా లేదా అని నన్ను అడగడం మొదలుపెట్టాడు. పోశయ్య తాత మంచం పట్టాడని తెలిస్తే బత్తాయిలు పట్టుకుని పరామర్శకు పోయాడు. రెండు మూడుసార్లు పోయాడు. ఇంత పెద్ద సారు తన కోసం రావడంతో, ఆ బత్తాయిలతో, తాతకు ఓపిక వచ్చి లేచి కూర్చున్నాడు. చివరిసారి వెళ్లేసరికి వాకిట్లో నిలబడి ఎదురొచ్చాడు. అప్పటి సారు ముఖం లాంటి కరుణ రసం నేను ఏ కావ్యంలోనూ చూడలేదు. ఖాదర్ భాయ్‌తో చెబితే, ఆ ఫోటో తీసి ఖానాలో పెడితే అయిపోవు గద అన్నాడు.

పెద్దలు వచ్చే వారం దగ్గర పడింది. ఆయన్ను మళ్లీ రాజవ్వ దగ్గరికి తీసుకుపోయాను. ఈసారి ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. తన కొలువు పోతుందని మాత్రం చెప్పాడు. రాజవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది. తరువాత తల ఎత్తకుండానే అడిగింది.

"కాకి తన్నిందా నిన్ను?"

మా వైపు ఒక పద్ధతి ఉంది. కాకి వచ్చి మనిషి తల మీద తన్నితే చావు తప్పదంటారు. ఆ గండం తప్పాలంటే, ఆ మనిషి పోయాడని దగ్గరి చుట్టానికి దొంగ కబురు పంపాలి. వాళ్లు గుండెలు బాదుకుని ఏడ్వాలి. ఆ ఏడుపుతో రావలసిన చావు వచ్చిపోయినట్టే లెక్క. అప్పుడు ఆ మనిషి తలమీద నీళ్లు పోసుకుని బయటికి వస్తాడు. అదొక్కటే పీనుగ లేని శోకం, ఎవరికీ కీడు చేయని శోకం.

సారు నా వైపు చూశాడు. మూఢనమ్మకాల ఉపన్యాసం మా ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. అప్పుడొక కాకి పెంకుటింటి మీంచి రివ్వున దిగి ఆయన నెత్తి మీద తన్ని పోయిందని నేను చాలామందికి చెప్పాను. కాకి లేదు, కాకి ఈక కూడా లేదు. ఆయన నెమ్మదిగా చెయ్యెత్తి, తల తడుముకుని, "తన్నినట్టే ఉందండీ" అన్నాడు. సైన్సు చదువుకున్న మనిషి.

"అయితే చుట్టం గావాలె. నాకు నువ్వేమైతవు?" అని అడిగింది రాజవ్వ.

ఆయనకు అర్థం కాలేదు. శోకంలో పోయినవాణ్ని వరస పెట్టి పిలవాలని, వరస లేకపోతే నోట మాట రాదని ఆమె చెప్పింది. కొడుకా, బావా, తమ్ముడా, ఏదో ఒకటి తేల్చుకోమంది. తన కాగితాలలో ఆయన ఆమెను 'సమాచార వనరు' అని రాసుకున్నాడు. శోకంలో దాన్ని ఎలా పిలుస్తారో నాకూ తెలియదు. ఆయన చాలాసేపు ఫ్లాస్కు మూత తిప్పాడు. తరువాత పాఠం అప్పజెప్పినట్టు "అక్కా" అన్నాడు.

"మల్ల అను."

"అక్కా."

"ఆఁ, ఇగ పో. లోపటికి పోయి దాసుకో" అంది.

ఆయన టేపు రికార్డరు తీసుకుని లోపలి అర్రలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. నేను వీధి చివరిదాకా పోయి మళ్లీ రావాలి, చావు కబురు మోసుకొచ్చినట్టు. నవ్వితే చెల్లదని గట్టిగా చెప్పింది. నేను వచ్చి, గుమ్మంలో నిలబడి, రాజవ్వా, నీ తమ్ముడు పోయిండు అన్నాను. అబద్ధాలు చెప్పడంలో నాకు ఎంత అనుభవం ఉన్నా, ఆ మాట అనేటప్పుడు నా గొంతు నాది కాకుండా పోయింది.

ఆమె చేతిలో చాట కింద పడింది. బియ్యం వాకిలంతా పరుచుకున్నాయి. అంతా తెలిసిన మనిషే, అయినా నిజంగానే పడేసింది.

"మంచం తుడుసుకోని కూసుంటివి తమ్ముడో,
మా మట్టి అంటకుంట పోదమనుకుంటివా తమ్ముడో.
మా బాయి నీళ్లు ముట్టకపోతివి తమ్ముడో,
ఏ బాయి నీళ్లు తాగ పోతివి తమ్ముడో.
ఏలు జూపి మాట్లాడుదువు నా తమ్ముడో,
గా ఏలు ఇగ ఎవరి దిక్కు జూపుదువు తమ్ముడో.
అక్కా అని పిలిస్తివి నా తమ్ముడో,
పిలిచిన నోరు తడారకముందే పోతివి తమ్ముడో.
తల్లి ఉన్నదో లేదో అడగకపోతి తమ్ముడో,
నీ సావు ఎవరికి జెప్పాలె తమ్ముడో.
ఎల్లారెడ్డి తొవ్వల మోదుగులు పూసె తమ్ముడో,
ఏ తొవ్వొంటి ఎదురుసూడాలె తమ్ముడో."

మొదటి నాలుగు ముక్కలకు నాకు లోపల నవ్వు తన్నుకొచ్చింది. ఇన్నాళ్లుగా నేను ఆయన్ను చాటున ఎగతాళి చేస్తున్నవన్నీ ఈమె ఆయన వింటుండగా, రాగం తీసి, బహిరంగంగా అంటోంది. తల్లి మాట వచ్చేసరికి ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది. చుట్టుపక్కల ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఎవరని కూడా అడగకుండా ఒకరిద్దరు ఆమె మెడ పట్టుకుని ఏడ్చారు.

అయ్యాక రాజవ్వ ముక్కు తుడుచుకుని, ఆయన్ను బయటికి పిలిచి, రాతి మీద కూర్చోబెట్టి, బిందెడు నీళ్లు తల మీద గుమ్మరించింది. ప్యాంటూ చొక్కా వాచీ అన్నీ తడిశాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నీళ్ల వల్ల అన్నాడు, ఎవరూ అడగకముందే. తరువాత ఆమె చెంబుతో తాగడానికి నీళ్లు ఇచ్చింది. ఆయన చెంబు అందుకున్నాడు, చూశాడు, పక్కన పెట్టి, ఫ్లాస్కు మూత తీసి తన నీళ్లే తాగాడు. తల మీద పోసుకున్నాడు గానీ నోట్లో పోసుకోలేదు. ఇదే నేను ఆయన్ను క్షమించని విషయం. ఇందులో ఒక్క ముక్క కూడా కలపలేదు.

తరువాతి వారం పెద్దలు వచ్చారు. చెప్పులు విప్పారు. శోకాల పండితుడు కరుణ తెరవమన్నాడు. గడి ఖాళీ. సారు లేచి నిలబడి, దొరికిందండీ, కానీ మీట నొక్కడం మరిచిపోయాను అన్నాడు.

వాళ్లు నవ్విన నవ్వు ఇప్పటికీ ఆ గదిలో ఉంటుంది. పథకం పోయింది, ఆయన కొలువూ పోయింది. కంప్యూటరు మీద బొంత మళ్లీ కప్పారు. ఒక్క మీట, ఒక్క మీట అని తిరిగిన మనిషి ఆ ఒక్క మీటా నొక్కలేదన్న కథను నేను కామారెడ్డిలో ప్రతి చాయ్ హోటల్లోనూ చెప్పాను. వేలు ఎలా వణికిందో, గుండె ఎలా అదిరిందో నటించి చూపించాను. ముప్పై ఏళ్లుగా జనం నవ్వుతూనే ఉన్నారు.

అది అబద్ధం. మిగతావాటిలా నేను కలిపింది కాదు, ఆయన అబద్ధమే. ఆయన మీట నొక్కాడు. ఆ రోజు ఎల్లారెడ్డి నుంచి వస్తూ జీపులో, తడి బట్టలతో, టేపు వెనక్కి తిప్పి, చెవికి ఆనించుకుని కామారెడ్డి వచ్చేదాకా విన్నాడు. పక్కనున్న నాకూ వినబడింది. చాట పడిన చప్పుడుతో సహా అంతా ఉంది. ఒకచోట రాజవ్వ గొంతు మీద ఇంకెవరిదో దగ్గు లాంటిది కూడా ఉంది, దగ్గరగా, లోపలి అర్రలోంచి.

ఆయన సామాను సర్దుకుంటున్న రోజున, ఎందుకు ఇవ్వలేదని అడిగాను. వేలు ఎత్తాడు, దించాడు. "అందులో నేనున్నానండీ" అన్నాడు. తన రుమాలూ ఫ్లాస్కూ పండితులు విని నవ్వుతారన్న సిగ్గే అని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడూ అలా అనుకోవడమే నాకు హాయి. ఇంకోలా అనుకుంటే ఈ రెండు పేజీలూ మొదటినుంచి మార్చి రాయాలి, నాకు అంత ఓపిక లేదు.

ఫోన్ చేసినాయన చివర్లో ఇంకో కోరిక కోరాడు. సభలో ఎవరైనా పాత గాయని చేత ఒక శోకం పెట్టిస్తే బాగుంటుందట, మా దగ్గర కొలువు పోయాక హైదరాబాదులో ఆయన దగ్గర చదువుకున్న విద్యార్థులు దాన్ని కంప్యూటరులో పెడతారట. గురువు శిష్యులను బాగానే తయారు చేసి పోయాడు. అయినా బస్సెక్కి ఎల్లారెడ్డి పోయాను. రాజవ్వకు చూపు తగ్గింది, నడుము వంగింది, గొంతు మాత్రం అలాగే ఉంది. గుమ్మంలో నిలబడి, రాజవ్వా, నీ తమ్ముడు పోయిండు అన్నాను. పాత మాటే. వేరే మాట వెతికాను, దొరకలేదు.

ఆమె కళ్లు చికిలించి నా ముఖంలోకి చూసింది.

"మల్ల కాకి తన్నిందా?"

లేదు రాజవ్వా, నిజంగానే పోయాడు, పేపర్లో కూడా వేశారు అన్నాను.

"అప్పుడు గూడ గిట్లనే మొఖం వెట్టుకోని వస్తివి గదా" అంది. నవ్వింది. ఒకసారి ఏడ్చి గండం దాటించిన మనిషి అంత తొందరగా పోడని, మళ్లీ ఏడిస్తే అప్పటి ఏడుపు ఉత్తదైపోతుందని, తను ఏడ్వనని చెప్పింది.

జీవితమంతా మేకల్నీ కాకుల్నీ కలిపి చెప్పినవాణ్ని, అన్నిటికీ తల ఊపి విన్నారు. చివరికి ఒక నిజం పట్టుకుని గడప దగ్గర నిలబడితే నమ్మే దిక్కు లేకపోయింది. ఇంకోసారి చెబుదామని నోరు తెరిచాను.

"కాకే, రాజవ్వా" అన్నాను.

"నాకెరుకలే. కూసో" అని, తడుముకుంటూ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది. "తమ్మునికి జెప్పు. ఈసారి వస్తే మా ఇంట్ల నీళ్లు తాగకుంట పోనియ్య."

చెబుతానన్నాను. చెంబు ఎత్తి, చుక్క మిగలకుండా తాగాను.